హిందీకి భయపడి కేవీఎస్ (కేంద్రీయ విద్యాలయ సంఘటన్) టీచర్ ఉద్యోగం వదిలేసుకుంటున్న వాళ్లకి

మొన్న మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఎంపీసీతో బీఎస్సీ, బీఈడీ, లెక్కల్లో గట్టివాడు. "అన్నా, కేవీఎస్ రాద్దామనుకున్న. కానీ అందుల హిందీ ఉన్నదంట, పోస్టింగ్ గూడ యాడనో నార్త్‌ల ఇస్తరంట. మనకెందుకులే అని ఊకున్న" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. 2018లో కేవీఎస్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు నేనూ అచ్చం ఇదే మాట అని వదిలేశాను. మళ్లీ నోటిఫికేషన్ పడింది 2022 డిసెంబర్‌లో. కరోనా వచ్చింది ఆ మధ్యలోనే.

2020 మార్చిలో బళ్లు మూసే నాటికి ఒక ప్రైవేట్ హైస్కూల్లో ఏడేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. జీతం పద్నాలుగు వేలు. ఏప్రిల్‌లో సగం ఇచ్చారు, మే నుంచి అదీ లేదు. రెండు నెలలు చూసి రైస్‌మిల్లులో గుమస్తాగా చేరాను. లారీ ఎన్ని బస్తాలు దించింది, తేమ ఎంత, తరుగు ఎంత తీశారు, రోజంతా ఇదే రాత. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంది. పొద్దంతా వందల బస్తాల లెక్క రాసేవాణ్ని, సంచి పట్టుకుని రేషన్ షాపు ముందు లైన్లో నిలబడ్డాను. నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన పిల్లవాడు చూసి, దగ్గరికొచ్చి, ఏమీ మాట్లాడకుండా సంచి నా చేతిలోంచి తీసుకున్నాడు. ఇంటిదాకా వాడే మోశాడు.

అప్పటికీ నా ఆశంతా డీఎస్సీ మీదే. సొంత జిల్లా, తెలిసిన భాష, అమ్మానాన్నలకు దగ్గర. ఎవరైనా అదే కోరుకుంటారు, తప్పేం లేదు. కానీ 2017 టీఆర్టీ (టీచర్ల నియామక పరీక్ష) తర్వాత తెలంగాణలో డీఎస్సీ నోటిఫికేషన్ 2023 సెప్టెంబర్ దాకా రాలేదు. మన వయసు మాత్రం ఆగదు. కేవీఎస్‌లో టీజీటీకి, అంటే ఆరు నుంచి పది దాకా చెప్పే టీచర్ పోస్టుకి, గరిష్ఠ వయసు 35, ఓబీసీలకు మరో మూడేళ్లు. ఒక్క వాకిలి ముందే కూర్చుని ఎదురుచూస్తే మిగతా వాకిళ్లు వాటంతటవే మూసుకుపోతాయని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇంకో మాట. రాష్ట్ర టెట్ కేవీఎస్‌కు చెల్లదు, సీటెట్ (కేంద్రం పెట్టే టెట్) ఉండాలి. టీజీటీకి పేపర్-2. అందులో భాషల్లో ఒకటిగా తెలుగు ఎంచుకోవచ్చు, ఈ సంగతి తెలియక చాలామంది సీటెట్ జోలికే పోరు. నేను ఇంగ్లిష్, తెలుగు పెట్టుకుని 2021 జనవరి 31న రాసి పాసయ్యాను. మిల్లులో ఉంటూనే.

2022 నోటిఫికేషన్‌లో టీజీటీకి 180 ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. సబ్జెక్టుకు 100, బోధనా దృక్పథాలు, స్కూల్ నాయకత్వం అనే భాగానికి 40, జనరల్ ఇంగ్లిష్ 10, జనరల్ హిందీ 10, మిగతా ఇరవై జీకే, రీజనింగ్, కంప్యూటర్. తర్వాత డెమో, ఇంటర్వ్యూ. రాతపరీక్షకు 70, వీటికి 30 శాతం వెయిటేజీ. మీరు రాసే నాటికి ఇది మారి ఉండొచ్చు, మీ నోటిఫికేషన్ మీరే చదువుకోండి.

పొద్దున నాలుగున్నర నుంచి ఏడున్నర దాకా చదివేవాణ్ని. కోచింగ్‌కి డబ్బుల్లేవు. ఆరు నుంచి పది దాకా ఎన్‌సీఈఆర్‌టీ లెక్కల పుస్తకాల్లో ఒక్క ఉదాహరణ వదలకుండా చేశాను. తెలుగు మీడియం వాళ్లు ముందు మాటలు మార్చుకోవాలి. క.సా.గు. అని అలవాటైన చెవికి ఎల్‌సీఎం అనగానే వెలగాలి. దానికి నాకు నెల పట్టింది. నలభై మార్కుల భాగానికి సీటెట్ చదువే సగం ఆదుకుంది, దాని మీద జాతీయ విద్యా విధానం 2020, విద్యాహక్కు చట్టం 2009 శ్రద్ధగా చదివాను.

ఇక హిందీ. మనం పదో తరగతిలో 20 మార్కులొస్తే పాసయ్యే సబ్జెక్టుగా చదివాం. అందుకే అది మనది కాదనే భావం లోపల పాతుకుపోయింది. నేను పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని చూస్తే సంధులు, సమాసాలు, పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, జాతీయాలు, ఒక గద్యభాగం ఉన్నాయి. సంధులు చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. వాళ్ల దీర్ఘ సంధి మన సవర్ణదీర్ఘ సంధే. గుణ, వృద్ధి అవే. యణ్ సంధి మన యణాదేశం. సూర్యోదయం, ప్రత్యేకం తెలుగు క్లాసులో విడదీసిన వాళ్లమే కదా! ద్విగు, ద్వంద్వం, బహువ్రీహి పేర్లతో సహా మనకు వచ్చు. అంటే పదిలో మూడు నాలుగు మార్కులు మన తెలుగు మాస్టారు ఎప్పుడో పెట్టేశారు.

మోసం చేసేవి ఒకేలా కనిపించే మాటలు. శిక్షా అంటే వాళ్లకు చదువు. ఉపన్యాస్ అంటే నవల. అవసర్ అంటే అవకాశం, అనుమాన్ అంటే అంచనా, సంసార్ అంటే ప్రపంచం. ఇలాంటివి మిల్లు లెక్కల పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నాను, నూట పదిదాకా అయ్యాయి. పరీక్ష ముందు వారం వాటినే తిరగేశాను. లింగాలు మాత్రం సూత్రాలతో రావు, వినాలి. రోజూ రాత్రి అన్నం తినేటప్పుడు ఆకాశవాణి హిందీ వార్తలు పెట్టుకునేవాణ్ని.

2023 ఫిబ్రవరిలో పరీక్ష, ఆ తర్వాత డెమో. రెండు మైనస్‌లను గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందో చెప్పమన్నారు. సూత్రం చెప్పలేదు. బోర్డు మీద మూడు ఇంటూ మైనస్ రెండు, రెండు ఇంటూ మైనస్ రెండు, ఒకటి, సున్నా అని కిందికి రాసుకుంటూ వచ్చాను. జవాబులు మైనస్ ఆరు, మైనస్ నాలుగు, మైనస్ రెండు, సున్నా. మైనస్ ఒకటి దగ్గర ఆగి, తర్వాత ఏమొస్తుందని వాళ్లనే అడిగాను. ప్యానెల్లో ఒక మేడమ్ హిందీలో, "పిల్లవాడికి ఇంగ్లిష్ రాదు, ఇదే వాడికి చెప్పండి" అన్నారు. "హర్ బార్ దో బఢ్ రహా హై" అని ఒక్కో మెట్టు చూపించాను. వ్యాకరణం సరిగా ఉందో లేదో నాకు తెలియదు, కానీ ఆగిపోలేదు. డెమో ఇంట్లో గోడ ముందు నిలబడి చెప్పి చూసుకోండి, ఒకసారి ఇంగ్లిష్‌లో, ఒకసారి హిందీలో.

పోస్టింగ్ జార్ఖండ్‌లో ధన్‌బాద్ వైపు, బొగ్గు గనుల ప్రాంతంలో వచ్చింది. ఆర్డర్ చూసి అమ్మ ఏడ్చింది. నేనూ తటపటాయించాను. మా ఆవిడ మాత్రం, "ఈడుండి ఏం జేస్తున్నం? పో. పాపను తీస్కొని మేం తర్వాత వస్తం" అంది. విజయవాడ వెళ్లి బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. పే లెవెల్ 7, మూలవేతనం 44,900. ఆ అంకె మా ఇంట్లో ఎవరి చెవినా ఎప్పుడూ పడలేదు.

మొదటి వారం ఆరో తరగతిలో భిన్నాలు చెబుతుంటే చివరి బెంచీ అమ్మాయి లేచి, "సర్, నహీ బుఝాయా" అంది. బుఝానా అంటే దీపం ఆర్పడమని చదువుకున్నాను. ఏం ఆర్పలేదంటోందో అని తికమకపడ్డాను. పక్క పిల్లలు చెప్పారు, అక్కడ ఆ మాటకు అర్థం కాలేదని అర్థమట. ఆ రోజు నుంచి ప్రతి మెట్టు దగ్గరా ఆగి "బుఝాయా?" అని అడుగుతాను. క్లాసంతా ఒక్క గొంతుతో జవాబు చెబుతుంది.

వెళ్లేవాళ్లు రెండు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు చేతిలో ఉంచుకోండి, కొత్తగా చేరినప్పుడు మొదటి జీతం పడటానికి సమయం పట్టొచ్చు. చలికాలంలో చేరితే మందమైన రగ్గు మన దగ్గర్నుంచే తీసుకెళ్లండి. సర్టిఫికెట్ల జిరాక్సులు మూడు సెట్లు. ఇంకా, ఆ తమ్ముడికి హిందీ మాటల పుస్తకం ఫొటోలు తీసి పంపాను. నిన్న రాత్రి మొదటి ఇరవై మాటలు నేర్చుకుని అప్పజెప్పాడు, ఒక్కటే తప్పు.