మిషన్ తీసి ఆడమన్నారు – మా పాప వాలీబాల్, నా అనుభవం

మా పాపకు మూడేళ్లప్పుడు చెవికి మిషన్ పెట్టించాం. అది తీస్తే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి మళ్లీ పెట్టేదాన్ని. పదహారేళ్లొచ్చాక బధిరుల వాలీబాల్ సెలక్షన్స్‌కు పంపుదామంటే, మిషన్ తీసి ఆడాలన్నారు. అందరూ ఒకే స్థాయిలో ఉండాలి కాబట్టి మ్యాచ్‌లోనే కాదు, వార్మప్‌లో కూడా పెట్టుకోకూడదట. డెఫ్‌లింపిక్స్ (బధిరుల ఒలింపిక్స్) దాకా ఇదే రూలు.

ముందు కాగితాల సంగతి చెప్తాను. వికలాంగుల కార్డు ఉంది కదా అని కావలి నుంచి రైలెక్కి నెల్లూరు వెళ్లాం. అది చాలదన్నారు. కార్డు మీద ఉండేది శాతం, ఆటకు చూసేది డెసిబెల్స్, అంటే ఎంత గట్టి శబ్దమైతే వినపడుతుందన్న లెక్క. మిషన్ లేకుండా పరీక్ష చేసి, రెండు చెవుల్లో బాగా వినపడే చెవికి 500, 1000, 2000 హెర్ట్జ్ (స్వరం హెచ్చుతగ్గుల కొలత) దగ్గర వచ్చిన అంకెల సగటు తీస్తారు. అది కనీసం 55 ఉండాలి. మొదట వెళ్లిన చోట తలుపు తీసిపెట్టి, ఫ్యాన్ తిరుగుతుండగానే పరీక్ష చేశారు. ఇచ్చిన ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష కాగితం) మీద తేదీ లేదు, సంతకం లేదు. అది చెల్లలేదు. ఇంకోచోట, బయటి శబ్దం రాని గదిలో మళ్లీ చేయించాం. 60, 65, 70. సగటు 65. హమ్మయ్య అనుకున్నాను. నా బిడ్డకు వినపడదన్న కాగితం చూసి హమ్మయ్య అనుకున్నానే అని రైల్లో ఏడుపొచ్చింది.

శని, ఆదివారాలు నెల్లూరులో ప్రాక్టీస్. మొదటి రోజు మిషన్ తీసి డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది. కాసేపటికే ఇద్దరు పిల్లలు ఒకే బంతికి పరుగెత్తి గుద్దుకున్నారు. మా పాప పెదవి చిట్లింది. వినపడేవాళ్లయితే ‘నాది’ అని అరుస్తారు, రెండోవాళ్లు ఆగిపోతారు. వీళ్లకు ఆ వీలు లేదు. కోచ్ సార్ కోర్టులో సున్నంతో గీతలు గీసి, ఇద్దరి మధ్య పడే బంతి ఎడమ పక్కనున్న వాళ్లదని ఖాయం చేశారు. ఆ ఒక్కదాని మీదే నెల రోజులు ఆడించారు. ప్రతి సర్వీసుకు ముందు పక్కవాళ్ల కళ్లలోకి చూసి తలూపాలి. లిఫ్టర్, అంటే కొట్టేవాళ్లకు బంతి పైకి లేపి ఇచ్చే అమ్మాయి, వీపు వెనక వేళ్లతో సైగ చేస్తుంది (వినపడేవాళ్ల ఆటలోనూ ఇది ఉన్నదే). ఆట ఆపాలంటే సార్ నెట్ పట్టుకుని ఊపుతారు.

నన్ను ఎక్కువ కదిలించింది వేరే విషయం. మాటలు రావాలని మేము పాపకు సైగల భాష నేర్పలేదు, మామూలు బళ్లోనే వేశాం. ప్రాక్టీస్‌లో పిల్లలంతా సైగలతో గలగలా మాట్లాడుకుంటుంటే మొదటి వారం ఇది ఒక మూల నిలబడి చూసింది. నేర్పకపోవడం మా తప్పే. మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే మిషన్‌తో పాటు సైగలు కూడా నేర్పండి, చిన్నప్పుడే.

రెండోసారి సెలక్షన్స్‌లో పాప పేరొచ్చింది. ఇప్పుడు వచ్చేటప్పుడు కావలి స్టేషన్ దాకా మిషన్ డబ్బా నా సంచిలోనే ఉంటుంది. రైల్లో నాకు సైగలు నేర్పిస్తుంది. తప్పు చేస్తే నా వేళ్లు పట్టుకుని సరిచేస్తుంది.