తంజావూరులో తాటాకు కట్ట ముందు

తంజావూరు వెళ్ళినవాళ్ళు ఎక్కువమంది పెద్దగుడి చూసుకుని తిరుగు బండి ఎక్కేస్తారు. నేను వెళ్ళింది రాజభవనం ప్రాంగణంలో ఉన్న సరస్వతీ మహల్ గ్రంథాలయం కోసం. నాయక రాజుల కాలంలో మొదలై, మరాఠా రాజు రెండో సెర్ఫోజీ (1798–1832) చేతిలో పెరిగిన భాండాగారమిది. రఘునాథ నాయకుడి కొలువులో చేమకూర వెంకటకవి ‘విజయవిలాసం’ రాసిన ఊరు, ఆ తర్వాత వచ్చిన మరాఠా శాహజీ కూడా తెలుగులో యక్షగానాలు రాసిన ఊరు. అరవదేశం నడిబొడ్డున ఇన్ని తెలుగు తాళపత్రాలు ఉండడానికి కారణం అదే.

ప్రదర్శనశాల ఎవరైనా చూడొచ్చు. తాళపత్ర ప్రతిని దగ్గర పెట్టుకుని చదవాలంటే ముందే అనుమతి అడగాలి. సూచికలో, అంటే ప్రతుల జాబితాలో వెతికి, కావలసిన ప్రతికి ఇచ్చిన సంఖ్యతో సహా రాసుకు వెళ్తే పని తేలికవుతుంది. ఇక్కడి సంస్కృత ప్రతులకు సంస్కృత పండితుడు బర్నెల్ చేసిన సూచిక 1880లోనే అచ్చయింది.

కట్ట ఎదురుగా పెట్టగానే మొదటి పద్యం చదవాలని చెయ్యి లాగుతుంది. ఆగాలి. ముందు వస్తువును చూడాలి, పాఠం తర్వాత. సూచిక కోసం ప్రతి వివరాలు రాసుకునే నా పట్టిక ఎప్పుడూ ఆకుతోనే మొదలవుతుంది. తాటాకు మందంగా, బిరుసుగా ఉంటుంది. శ్రీతాళపత్రం మరో జాతి తాటి ఆకు; అది పలచన, వెడల్పు ఎక్కువ, మెత్తగా వంగుతుంది. వంగుతుంది కదా అని వంచి చూడకూడదు. రెండు చేతులతో అడుగు నుంచి ఆనించి పట్టుకోవాలి. పొడవు, వెడల్పు కొలవడానికి ఇనుప టేపు వద్దు, కాగితపు కొలబద్ద చాలు. అంచులు విరిగిన ఆకును కొలిస్తే లెక్క తప్పుతుంది, నిండుగా ఉన్న ఆకునే కొలవాలి. తాడు దూర్చే చిల్లు ఒకటా రెండా, ఎడమ అంచు నుంచి ఎంత దూరంలో ఉందీ రాసుకోవాలి. ఒక కట్టలోంచి జారి మరో కట్టలో చేరిన ఆకును చాలాసార్లు పట్టించేది ఈ చిల్లే.

ఆ తర్వాత ఆకుల లెక్క. చివరి ఆకు మీది అంకెనే ఆకుల సంఖ్యగా రాసేయడం తరచూ జరిగే పొరపాటు. అంకె 96 అని ఉండి చేతిలో 93 ఆకులే ఉండొచ్చు. రెండూ రాయాలి, ఏవి లేవో విడిగా రాయాలి. మధ్యలో అంకెలు మళ్ళీ ఒకటి నుంచి మొదలైతే జాగ్రత్తపడాలి. అది రెండో గ్రంథం కావచ్చు. మొదటి ఆకు మీద ఉన్న పేరునే కట్టంతటికీ పెట్టేస్తే లోపల ఉన్న చిన్న కృతులు సూచికకు ఎక్కవు. అలా ఒక శతకమో దండకమో వందేళ్ళు కనబడకుండా ఉండిపోతుంది. నా మట్టుకు నాకు సూచికలో ఇంతకంటే పెద్ద తప్పు లేదు.

గ్రంథ పరిమాణం కట్టడం పాత పద్ధతి, ఇప్పటికీ పనికొస్తుంది. ఇక్కడ గ్రంథం అంటే పుస్తకం కాదు, 32 అక్షరాల కొలత. 96 ఆకులు, రెండు వైపులా రాత, పుటకు 7 పంక్తులు, పంక్తికి 48 అక్షరాలు అనుకుందాం. 96ను 2తో, 7తో, 48తో గుణిస్తే 64,512 అక్షరాలు. 32తో భాగిస్తే 2,016 గ్రంథాలు. ఒకే కావ్యానికి ఉన్న రెండు ప్రతుల పరిమాణాల్లో పెద్ద తేడా వస్తే ఒకటి అసమగ్రమైనా కావాలి, ఇంకొకదానిలో ప్రక్షిప్తాలైనా, అంటే తర్వాత ఎవరో చేర్చిన భాగాలైనా ఉండాలి. అయితే పంక్తికి అక్షరాలు మొదటి ఆకు మీదే లెక్కపెడితే కుదరదు. లేఖకుడు మొదట్లో విశాలంగా రాసి, ఆకులు చాలవనిపించాక ఇరికిస్తాడు. మూడు నాలుగు చోట్ల లెక్కించి సగటు తీయాలి. చిల్లు చుట్టూ వదిలిన ఖాళీని కూడా తీసేయాలి.

కొన్ని ఆకుల మీద మొదటి చూపుకి ఏమీ కనిపించదు. గంటంతో గీసిన గాటులో, అక్షరం కనబడడానికి రుద్దిన మసి నిలవలేదన్నమాట. టార్చి ఎదురుగా వేస్తే లాభం లేదు. పక్కనుంచి, ఆకుకి దాదాపు సమాంతరంగా వెలుగు పడితే గాటులో నీడ నిలిచి అక్షరం లేస్తుంది.

కాలం తేల్చడానికి, లేఖకుడు తేదీ రాసే చివరి ఆకు చూస్తాం. ప్రభవ సంవత్సరం అని మాత్రమే ఉంటే 1747, 1807, 1867 మూడూ సాధ్యమే. మాసం, తిథి, వారం కూడా ఇచ్చి ఉంటే పంచాంగ గణితంతో ఏ ఏడు ఆ తిథికి ఆ వారం వచ్చిందో చూసి వడకట్టొచ్చు. అప్పటికీ ఒక చిక్కు మిగులుతుంది. మూలప్రతిలోని తేదీని కూడా ఎత్తి రాసిన లేఖకులున్నారు. చేతిరాత, ఆకు తీరు ఆ తేదీతో పొసగకపోతే తేదీని ‘మూలప్రతిది కావచ్చు’ అనే రాయాలి.

తాళపత్ర ప్రతుల చివర లేఖకులు రాసే శ్లోకం తెలిసిందే: నూనె నుంచి, నీటి నుంచి, సడలిన కట్టు నుంచి నన్ను కాపాడు, మూర్ఖుడి చేతికివ్వకు అని పుస్తకమే అడుగుతుంది. బిరుసెక్కిన ఆకుకి నిమ్మగడ్డి నూనె రాయడం నేడు వాడుకలో ఉన్న పద్ధతే. ఆకు మెత్తబడుతుంది, పురుగు దూరంగా ఉంటుంది. కానీ ఎక్కువైతే దుమ్ము పట్టి ఆకు నల్లబడుతుంది. శ్లోకంలో నూనె ఎందుకు ముందుందో అలాంటి ఆకు చూస్తే అర్థమవుతుంది. ఈ గ్రంథాలయం పాతపద్ధతి పొడికి కూడా పేరుపడింది: వస, నల్లజీలకర్ర, లవంగం, మిరియం, దాల్చినచెక్క దంచి, కర్పూరం కలిపి చిన్న మూటలు కట్టి ప్రతుల పక్కన పెడతారు.

ఇక సడలిన కట్టు సంగతి. తాడు వదులైతే ఆకులు ఒకదాని మీద ఒకటి జరిగి అంచులు విరుగుతాయి, చిల్లు పెద్దదవుతుంది. మరీ బిగిస్తే కట్టకు పైనా కిందా పెట్టే చెక్క పలక అంచు దగ్గర ఆకు చిట్లుతుంది. చూడడం అయ్యాక ఆకులన్నీ ఒకే ముఖం పైకి ఉన్నాయా, అంకెలు వరసలో ఉన్నాయా అని మరోసారి సరిచూసి, అంచులు కలిపి, పైనా కిందా పలకలు పెట్టి, తాడు చుట్టాలి. చుట్టిన తాడు కింద చిటికెన వేలు కొస దూరేంత సందు ఉంచి ముడి వేశాను.