ముందు గది ఇచ్చారు, తర్వాత మానగలిగాను

తాగుడు మానితేనే ఆశ్రయం అన్నారు ఒకచోట. ఉండే చోటు, చిరునామా చూపిస్తేనే చికిత్స అన్నారు మరోచోట. ఆ రెండు షరతుల మధ్య ఏళ్ల తరబడి రోడ్డు మీదే ఉన్నాను.

దారి చూపింది రాత్రిపూట వచ్చి మమ్మల్ని పలకరించే ఒక సామాజిక కార్యకర్త. "మీ అంతట మీరు ఒక్కసారిగా మానకండి" అని ఆమె మొదటే గట్టిగా చెప్పింది. రోజూ విపరీతంగా తాగే మనిషికి మద్యం హఠాత్తుగా ఆగితే వణుకు, చెమటలతో మొదలై ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే నన్ను ఆసుపత్రిలో చేర్పించింది. అక్కడ బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. డయాజిపామ్ అనే మందుతో వణుకు అదుపు చేసి, ఆ మోతాదును మెల్లగా తగ్గించారు.

చాలామందికి చికిత్స తెగిపోయేది ఆసుపత్రి గుమ్మం దాటాకే. నాకు మాత్రం అప్పటికే ఒక గది సిద్ధం చేశారు. అద్దెలో నా వంతు కట్టాలి, ఆ కార్యకర్త వచ్చినప్పుడు కలవాలి. మానితీరాలన్న షరతు లేదు. 1992లో న్యూయార్క్‌లో మనస్తత్వవేత్త శామ్ సెంబెరిస్ మొదలుపెట్టిన 'హౌసింగ్ ఫస్ట్' పద్ధతి ఇదే.

గది ఉంటే చాలు, వ్యసనం పోతుందని నేను చెప్పను. కానీ రోడ్డు మీద నేను తాగింది చాలావరకు నిద్ర కోసమే. చలికి, దొంగల భయానికి కన్ను మూతపడేది కాదు. తలుపుకు గడియ పెట్టుకుని పడుకున్నాక ఆ అవసరం తగ్గింది. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ మాత్రలు రోజూ వేసుకోవాలి. రోడ్డు మీద మాత్రలు తడిసిపోతాయి, సంచితో సహా పోతాయి. గదిలో అవి మంచం పక్కనే ఉన్నాయి.

మధ్యలో మళ్లీ తాగాను. ఖాళీ చేయమనలేదు, కౌన్సెలింగ్ పెంచారు. ఆ రోజు గది పోయుంటే మాత్రలూ, కౌన్సెలింగూ దానితోపాటే పోయేవి.

మీవాళ్ల కోసం ఇలాంటి సాయం వెతుకుతుంటే రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి. డిశ్చార్జి అయిన రాత్రి ఎక్కడ పడుకోవాలి? మళ్లీ తాగితే గది ఉంటుందా? హెరాయిన్ వంటివి వాడేవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కొన్నాళ్లు ఆపితే తట్టుకునే శక్తి తగ్గుతుంది, పాత మోతాదే ప్రాణం తీయవచ్చు. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడే ఆ ప్రమాదాన్ని వివరించమని వైద్యులను అడగండి.