నోట్లో తెల్ల గీతలు, ఎవరికీ చెప్పుకోని మంట

రాజోలు వైపు మా ఇళ్లలో నోరు పొక్కితే అందరూ చెప్పే మాట ఒకటే: "వేడి చేసింది." నాకూ అదే చెప్పారు. బీ కాంప్లెక్స్ మాత్రలు, మజ్జిగ, సబ్జా గింజలు, కొబ్బరి నీళ్లు అన్నీ అయ్యాయి. మామూలు నోటి పొక్కు వారం పది రోజుల్లో మానిపోతుంది. నాది నెలలు గడిచినా మానలేదు. ఆవకాయ సంగతి అలా ఉంచండి, పెరుగన్నంలో కాస్త ఉప్పు ఎక్కువైనా కళ్ల నీళ్లు తిరిగేవి. పులసలు వచ్చే రోజుల్లో ఇంటిల్లిపాదీ పులుసు పోసుకుని తింటుంటే నేను పప్పన్నం చప్పగా కలుపుకుని, చల్లారాక తినేదాన్ని.

ఒకరోజు ఫోన్ టార్చి వేసుకుని అద్దంలో చూసుకున్నాను. రెండు బుగ్గల లోపలా, దవడ పళ్ల పక్కన, బియ్యప్పిండితో సన్నగా వేసిన ముగ్గులా తెల్ల గీతలు ఒకదాని మీదుగా ఒకటి అల్లుకుని ఉన్నాయి. వేలితో తుడిస్తే పోలేదు. గీతల మధ్య పైపొర లేచిపోయి ఎర్రగా ఉన్న చోటే మంట. మా ఊళ్లలో నోట్లో మానని పుండు అంటే లంక పొగాకు చుట్టలు కాల్చి నోటి క్యాన్సర్‌తో పోయిన పెద్దవాళ్లే గుర్తొస్తారు. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. అంటుకుంటుందేమోనని మనవరాలిని ముద్దు పెట్టుకోవడం కూడా మానేశాను.

దగ్గర్లో చూపించిన చోట లైటు వేసైనా చూడకుండా యాంటీబయాటిక్ రాసిచ్చారు. అది విని మా తమ్ముడు "ఇలా కాదక్కా, పద" అని చించినాడ వంతెన దాటించి, పాలకొల్లు మీదుగా భీమవరం డెంటల్ కాలేజీకి తీసుకెళ్లాడు. నోటి జబ్బులు చూడటానికి ఓరల్ మెడిసిన్ అని విడిగా ఒక విభాగం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ చిన్న అద్దంతో బుగ్గలు, నాలుక, చిగుళ్లు అన్నీ నిదానంగా చూశారు. "లైకెన్ ప్లానస్‌లా ఉందమ్మా. కానీ చూసి తేల్చేయకూడదు, ముక్క తీసి పంపుదాం" అన్నారు. బీపీకి ఏ మాత్రలు వాడుతున్నానో, నొప్పి మాత్రలు ఎక్కువగా మింగుతానో అడిగారు. కొన్ని మందుల వల్ల, పంటికి వేసిన వెండి సిమెంటు బుగ్గకు తగలడం వల్ల కూడా ఇలాంటి గీతలే వస్తాయట. కొందరిలో హెపటైటిస్ సీ అనే కాలేయ జబ్బుతో కలిసి కనిపిస్తుందని ఆ రక్త పరీక్షా చేయించారు. అది లేదని వచ్చింది.

బయాప్సీ అంటే భయపడేవాళ్ల కోసం చెబుతున్నాను, మత్తు ఇంజెక్షన్ పొడిచినప్పుడు చురుక్కుమంటుంది, అంతే. రెండు చిన్న ముక్కలు తీశారు. ఒకటి మామూలు పరీక్షకు. రెండోదాన్ని వేరే ద్రావణంలో వేసి ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షకు పంపారు. పొక్కులు లేచే పెంఫిగస్ లాంటి జబ్బులు కూడా నోట్లో పుండ్లతోనే మొదలవుతాయి, వాటి వైద్యం వేరు, అందుకని. రిపోర్టులో లైకెన్ ప్లానస్ అనే వచ్చింది. మన రోగనిరోధక కణాలే పొరపాటున నోటి పైపొర మీద దాడి చేస్తాయట. క్యాన్సర్ కాదు, అంటువ్యాధి అసలే కాదు. ఇంటికి రాగానే మనవరాలిని ఒళ్లోకి తీసుకున్నాను.

ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ పేస్టు ఇచ్చారు. దాన్ని పూసే తీరు నర్సమ్మ దగ్గరుండి చూపించింది. తిన్నాక నోరు పుక్కిలించి, పుండు మీద తడిని గాజుగుడ్డతో ఒత్తి, పేస్టు కొద్దిగా తీసి అద్దాలి. రుద్దితే పొడిపొడిగా రాలిపోతుంది. పూశాక అరగంట మంచినీళ్లు కూడా ముట్టకూడదు. స్టెరాయిడ్ వల్ల మధ్యలో నోట్లో ఫంగస్ పట్టింది, దానికి క్లోట్రిమజోల్ చుక్కలు వేసుకున్నాను. నురుగు ఎక్కువ వచ్చే టూత్‌పేస్టు మానేశాను. మంట తగ్గడానికి వారాలు పట్టింది.

ఇదంతా రాయాలనిపించింది మాత్రం డాక్టరమ్మ అడిగిన ఇంకో ప్రశ్న వల్ల. తమ్ముణ్ణి బయట కూర్చోమని, "అమ్మా, కింద కూడా మంట, నొప్పి ఏమైనా ఉన్నాయా?" అన్నారు. ఉన్నాయి. ముట్లు ఆగిపోయాక అందరికీ ఉండేవే అనుకుని మా ఆయనకి కూడా చెప్పలేదు. పంటి డాక్టరు ఈ మాట అడుగుతారని ఎవరనుకుంటారు? నోట్లో లైకెన్ ప్లానస్ ఉన్న ఆడవాళ్లలో కొంతమందికి జననాంగాల దగ్గరా ఇదే జబ్బు ఉంటుందట. వదిలేస్తే మచ్చలు కట్టి, దారి మూసుకుపోయి, మూత్రానికి, కాపురానికి కష్టమవుతుంది. గైనకాలజిస్టు చూసి క్లోబెటసాల్ ఆయింట్‌మెంట్ రాశారు. ఎంత పూయాలో, ఎన్నాళ్లకు తగ్గించాలో చెప్పారు. స్టెరాయిడ్ కదా, సొంతంగా కొని పూసుకోకండి. అక్కచెల్లెళ్లందరికీ నా మాట ఒక్కటే: నోరు చూపించుకునేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి. వాళ్లు అడగకపోయినా చెప్పండి.

ఇప్పుడు పుండ్లు లేవు. తెల్ల గీతలు అలాగే ఉన్నాయి, వాటి వల్ల బాధ లేదు. పూర్తిగా పోయే జబ్బు కాదని, అణిగి మళ్లీ లేవొచ్చని మొదటే చెప్పారు. ఏళ్ల మీద నూటికి ఒకరిలో క్యాన్సర్‌గా మారే అవకాశం ఉంది కాబట్టి ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నాను. మధ్యలో ఎక్కడైనా గట్టిపడినా, ఎర్రమచ్చ రెండు వారాల్లో తగ్గకపోయినా ఆ తేదీ దాకా ఆగకుండా రమ్మన్నారు.