మూడో సీసా ఎందుకు ఆగిపోయింది: డయాటమ్‌ల పెంపకం, ఆరో వారం

ఏప్రిల్ 15 నుంచి రెండు నెలలు వేట నిషేధం, బోట్లు కదలవు. అందుకే డయాటమ్‌లు (ఒంటి చుట్టూ గాజులాంటి పెంకు ఉండే ఏకకణ నాచు) పెంచడానికి సముద్రపు నీళ్లు ముందే తెప్పించుకున్నాను. ఒడ్డున ముంచితే బురద, కాలవల మురుగు కలిసి వస్తాయి. భీమిలి బాబాయ్ వేటకెళ్లినప్పుడు, నీళ్లు తేరిన చోట రెండు క్యాన్లు నింపి తెచ్చాడు. రిఫ్రాక్టోమీటర్‌లో ఉప్పదనం వెయ్యికి 33. ఇవే నీళ్లు అక్టోబరులో పడితే వరదనీరు కలిసి బాగా తగ్గిపోతుంది. కీటోసిరాస్ అనే డయాటమ్ స్టాక్ కల్చర్ (విత్తనంలా వాడేది) మాత్రం దగ్గర్లోని రొయ్యల హేచరీలో ఇచ్చారు. అక్కడ రొయ్యపిల్ల తొలి మేత ఇదే.

వాడుతున్నది గిలార్డ్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన ఎఫ్/2 అనే ఎరువు. లీటరు నీళ్లకు సోడియం నైట్రేట్ 75 మిల్లీగ్రాములు, సోడియం ఫాస్ఫేట్ 5, సోడియం సిలికేట్ 30. నా త్రాసు 0.01 గ్రాము దగ్గరే ఆగిపోతుంది, ఇంత చిన్న తూకం దాంతో కాదు. అందుకని 7.5 గ్రాములు, 0.5 గ్రాము, 3 గ్రాములు, దేనికది 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, లీటరుకు ఒక్కో మి.లీ. సిరంజితో వేస్తున్నాను. ఇనుము ద్రావణానికి 200 మి.లీ.లో ఫెర్రిక్ క్లోరైడ్ 0.63 గ్రాములు, ఇనుమును కరిగించి ఉంచే ఈడీటీఏ 0.87 గ్రాములు. మాంగనీస్, జింక్, కోబాల్ట్, మాలిబ్డినం, రాగి కూడా ఇందులోకే. కాపర్ సల్ఫేట్ అయితే లీటరుకు 10 మైక్రోగ్రాములు కూడా నిండదు, ఎక్కువైతే అదే విషం. కోబాల్ట్ లవణాన్ని గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. నీళ్లు గాజు సీసాల్లోనే కుక్కర్లో కాచి, పూర్తిగా చల్లారాక చివర్లో సిలికేట్ వేయాలి.

ఏది లేకపోతే పెరుగుదల ఆగుతుందో చూద్దామని నాలుగు సీసాలు పెట్టాను. ఒకటో దాంట్లో అన్నీ ఉన్నాయి. రెండో దాంట్లో ఇనుము లేదు, మూడో దాంట్లో సిలికేట్ లేదు. నాలుగో దాంట్లో ఇనుము వేశాను గానీ ఈడీటీఏ వేయలేదు. ఎల్‌ఈడీ ట్యూబ్ రోజుకు 12 గంటలు, గాలికి అక్వేరియం పంపు. ప్రతి సీసా వెనకా న్యూస్‌పేపర్ ముక్క అంటించాను. అక్షరాలు మసకబారుతున్నాయంటే పంట ఎదుగుతున్నట్టే. కచ్చితమైన లెక్కకు మైక్రోస్కోపు, హీమోసైటోమీటర్ (కణాలు లెక్కపెట్టే గళ్ల గాజు పలక) ఉన్నాయి.

నాలుగో సీసా రెండో రోజే సంగతి చెప్పేసింది. అడుగున నారింజ రంగు నలకలు. సీసా వంచితే పొగలా లేచి మళ్లీ దిగిపోతున్నాయి. అది తుప్పే. సముద్రపు నీటి పీహెచ్ 8.1 దగ్గర ఉంటుంది, అందులో ఇనుము కరిగి నిలవదు. ఈడీటీఏ దాన్ని పట్టుకుని ఉంచుతుంది. సముద్రంలో ఈ పని సూక్ష్మజీవులు వదిలే సేంద్రియ పదార్థాలు చేస్తాయి.

రెండో సీసా మీద చాలా ఆశ పెట్టుకున్నాను. ఇనుము లేకపోతే వాడిపోతుందనుకుంటే ఒకటో దానికి సమానంగా పెరిగింది. నాలుగుసార్లు కొత్త నీళ్లలోకి మార్చినా అంతే. తీరం నీళ్లలో నేల నుంచి కొట్టుకొచ్చిన ఇనుము బోలెడు. పైగా గదిలో దుమ్ము, మూత, నా వేళ్లు, అన్నిట్లోనూ ఇనుమే. నడిసముద్రంలో లీటరుకు ఒక నానోమోల్ (అణువుల లెక్కలో అతి చిన్న కొలత) కూడా ఉండదు. ఒకప్పుడు ఓడ తుప్పే నమూనాలో పడి లెక్కలు తప్పేవి. 1980లలో సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్ బృందం అతి శుభ్రంగా కొలిచాకే అసలు అంకెలు తేలాయి. దక్షిణ సముద్రంలో (అంటార్కిటికా చుట్టూ ఉన్నది) నైట్రేట్ మిగిలిపోతున్నా ప్లవకాలు (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) ఎందుకు పెరగడం లేదన్న ప్రశ్నకు, ఇనుము లేక అని ఆయన జవాబిచ్చారు. 1993లో గాలపాగోస్ దగ్గర నిజంగానే ఇనుము కలిపి చూశారు, వృక్షప్లవకాలు పెరిగాయి. అది చూడ్డానికి మార్టిన్ లేరు, కొన్ని నెలల ముందే పోయారు. నా గదిలో మాత్రం ఈ పరీక్ష కుదరదు, రెండో సీసా తీసేశాను.

ఇక మూడోది. ఆరో రోజుకు ఒకటో సీసాలో మి.లీ.కి 11 లక్షల కణాలుంటే ఇందులో లక్షన్నరే. గుత్తులు కట్టి అడుగున పడున్నాయి. నైట్రేట్ ఉంది, ఫాస్ఫేట్ ఉంది, ఇనుము ఉంది. ఒంటి చుట్టూ గాజు పెట్టె కట్టుకోవడానికి సిలికా లేదు, అంతే. 2009లో మన గోవా ఎన్ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ), జర్మనీ వాళ్లు కలిసి దక్షిణ సముద్రంలో చేసిన లోహాఫెక్స్ అనే ప్రయోగంలోనూ ఇదే జరిగింది. 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము వేసినా అక్కడి నీళ్లలో సిలికేట్ లేక డయాటమ్‌లు లేవలేదు. వేరే మెత్తటి ప్లవకాలు పెరిగితే కోపీపాడ్‌లు (రొయ్యల జాతికి దగ్గరి చిన్న జీవులు) తినేశాయి.

అప్పుడు ఎఫ్/2 లెక్క మళ్లీ చూశాను. అణువుల లెక్కలో లీటరుకు నైట్రేట్ 882 మైక్రోమోల్, సిలికేట్ 106. డయాటమ్‌కు నైట్రోజన్, సిలికా ఇంచుమించు సమానంగా కావాలి. అంటే అన్నీ ఉన్నాయనుకున్న ఒకటో సీసాలో కూడా ముందు అయిపోయేది సిలికేటే! అందుకే అయిదో సీసాలో లీటరుకు 60 మిల్లీగ్రాములు వేశాను.

మొన్న బాబాయ్ వచ్చినప్పుడు మైక్రోస్కోపులో చూపించాను. చాలాసేపు కన్ను తీయలేదు. "దీనికి మీసాలున్నాయేట్రా! చేపలు తినేది దీన్నేనా?" అన్నాడు. అవును బాబాయ్, చిన్న చేపలకు మేత ఇదే, పెద్దవి వాటిని తింటాయి అన్నాను. నిషేధం అయ్యాక ఇంకా దూరం నుంచి నీళ్లు తెస్తానన్నాడు.

ఒకటో సీసా 11 లక్షల దగ్గరే ఆగింది. అయిదోది ఎనిమిదో రోజుకు 17 లక్షలు, ఇంకా పెరుగుతోంది.