రా ఫైలుకి ఏ సాఫ్ట్‌వేర్? ముందు ఎర్ర గులాబీతో పరీక్షించండి

బెంగళూరులో ఫొటోలు తీసే మన తెలుగువాళ్లు తరచూ అడిగే మాట: రా ఫైళ్లని (కెమెరా సెన్సర్ పట్టిన ముడి డేటాని) దిద్దడానికి అడోబీ వారి లైట్‌రూమ్‌కి నెలనెలా డబ్బు కట్టాలా, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్, రాథెరపీ సరిపోవా? నా లెక్కలో చాలామందికి సరిపోతాయి. ముందు మీ కెమెరా మోడల్ వాటి జాబితాలో ఉందో లేదో చూసుకోండి. మరీ కొత్త మోడలైతే ఫైలు తెరుచుకోకపోవచ్చు. రా ఫైలుని డీఎన్‌జీ అనే ఉమ్మడి ఫార్మాట్‌లోకి మార్చే డీఎన్‌జీ కన్వర్టర్‌ని అడోబీ ఉచితంగా ఇస్తుంది, దాంతో చాలాసార్లు గట్టెక్కవచ్చు.

ఇక అసలు పరీక్ష. లాల్‌బాగ్ పూల ప్రదర్శనలో తీసిన ఎర్ర గులాబీ ఫైలు తెరవండి. ఎరుపు చానెల్ (ఫొటోలోని ఎరుపు భాగం) ఆకుపచ్చ, నీలం చానెళ్లకన్నా ముందే నిండిపోయి, రేకుల మడతలు, ఈనెలు మాయమై, పువ్వంతా ఒకటే ముద్దగా కనిపిస్తుంది. కంగారు పడకండి. 14 బిట్ల రాలో 16,384 స్థాయిలుంటాయి, జేపెగ్‌లో రంగుకి 256 మాత్రమే. చాలాసార్లు వివరం ఫైల్లోనే ఉంటుంది, తెరల మీద మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధిలోకి మార్చేటప్పుడు పోతుంది. డార్క్‌టేబుల్‌లో ఎక్స్‌పోజర్ (వెలుతురు) అర స్టాపు తగ్గించి, వెలుగునీడలని తెరకి తగ్గట్టు సర్దే సిగ్మాయిడ్ మాడ్యూల్ వేసి, రేకు అంచుని నూరు శాతం జూమ్‌లో చూడండి. ఈనెలు తిరిగొస్తే ఆ సాఫ్ట్‌వేర్ మీకు పనికొస్తుంది.

రాథెరపీ గ్రాఫిక్స్ కార్డుని వాడుకోదు, భారమంతా ప్రాసెసర్ మీదే. పాత ల్యాప్‌టాప్‌లో నాయిస్ (ఫొటోలోని గరుకు చుక్కలు) తగ్గించేటప్పుడు నత్తనడకే. సన్నని వివరం రాబట్టడంలో మాత్రం నాకు అదే ఇష్టం.

ఒక సాఫ్ట్‌వేర్‌లో చేసిన దిద్దుబాట్లు ఇంకోదానిలోకి సరిగ్గా రావు. మారేముందు పూర్తయిన ఫొటోలని 16 బిట్ల టిఫ్ (నాణ్యత తగ్గని ఫొటో ఫార్మాట్)గా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. రా ఫైళ్లు వేరే డిస్కుకి కాపీ చేసేటప్పుడు పక్కనే ఉండే, మీ దిద్దుబాట్లని దాచే ఫైళ్లనీ (డార్క్‌టేబుల్‌లో ఎక్స్‌ఎంపీ, రాథెరపీలో పీపీ3) వెంట తీసుకెళ్లండి.