'ఫార్మాట్ చేయాలా?' అని అడిగితే వద్దనండి
ఇంటి ఫొటోలున్న హార్డ్‌డిస్క్ పెట్టగానే విండోస్ ఇలా అడిగితే గుండె జారిపోతుంది. క్యాన్సిల్ నొక్కండి. చాలాసార్లు చెడిపోయేది ఫైళ్లు కాదు, అవి ఎక్కడున్నాయో చెప్పే పట్టిక. డిస్క్ లోపాలు సరిచేసే విండోస్ టూల్ చెక్‌డిస్క్ కూడా అప్పుడే వద్దు, అది అదే డిస్క్ మీద మార్పులు రాసేస్తుంది. ముందు లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తానికి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు కాపీ, తీయండి. 500 జీబీ డిస్క్‌కి వేరే డ్రైవ్‌లో అంతకు మించి ఖాళీ కావాలి. ఆ కాపీ మీద టెస్ట్‌డిస్క్ అనే రికవరీ ప్రోగ్రామ్ నడిపితే ఫైళ్లు పేర్లతో సహా దొరకొచ్చు. లేకపోతే ఫొటోరెక్: ఉచితం, ఫొటోలు తెస్తుంది, పాత పేర్లు, ఫోల్డర్లు మాత్రం రావు. వేల ఫైళ్లు కూర్చుని ఏరుకోవాలి. అమ్మానాన్నల పాత ఫొటోల కోసం ఆ ఓపిక పెట్టొచ్చు.

ఎస్ఎస్‌డీలో (చిప్‌లతో పనిచేసే డ్రైవ్) డిలీటైనవి ట్రిమ్ వల్ల, అంటే డిలీటైన చోటును ఖాళీ చేసేసే ఏర్పాటు వల్ల, సాధారణంగా తిరిగి రావు. హార్డ్‌డిస్క్ టక్‌టక్‌మంటుంటే ఏ సాఫ్ట్‌వేరూ వద్దు, వెంటనే ఆపేయండి.